గుంజూరు పిండిమర

పిళ్ళమ్మ రాగులు ఆఫీసు బస్సులు నూర్చినవి.
రెండు అపార్టుమెంటు గోడల నడుమ ముప్పాతిక ఎకరం,
కళ్ళం ఉండిన చోట ఇప్పుడు క్లబ్ హౌసు.
అందుకని కోసిన వెన్నులు వర్తూరు రోడ్డు మీదే పరుస్తాది.
పొద్దున ఎనిమిదిన్నరకి వస్తాయి తెల్ల బస్సులు.
చల్లటి అద్దాల వెనక, చెవుల్లో తీగలతో నిద్రపోయే పిల్లలు
ఒక్కొక్కరూ తమకు తెలీకుండానే
గుప్పెడు గింజలు రాల్చి పోతారు.
కూలి అడగరు.

అవి ఎత్తి తెచ్చి నా తొట్టిలో పోస్తాది.
ఇసుక ఉందే అంటే
"నూర్చినోళ్ళు ఏదో ఒకటి పెట్టిపోవాల కదప్పా" అంటాది.

నాకు ఈ ఊరు డోర్ నంబర్లతో తెలీదు.
పిడికెడు బియ్యం కలిసిన రాగులైతే మునిరత్న ఇల్లు.
మొలకట్టి ఆరబెట్టి, ఇంకా పచ్చి వాసన వదలని రాగులైతే
ఆ ఇంట్లో ఆరో నెల బిడ్డ.
జొన్నలు వచ్చాయంటే రాయచూరు మేస్త్రీలకు కూలి ముట్టింది.
మెంతులు కాస్త ఎక్కువైతే ఎవరికో షుగరు పెరిగింది,
నేను అడగను, వాళ్ళు చెప్పరు.
మరకు తెలుసు.

ఇంకోటి కూడా మరకే తెలుసు.
ముందు పోసినోళ్ళ పిండి పూర్తిగా దిగదు.
రాళ్ళ సందున పిడికెడు ఉండిపోయి
వెనక వచ్చినోళ్ళ డబ్బాలోకి పోతాది.
అందుకే వెంకటరవణప్ప
పిళ్ళమ్మ వెనక ఎన్నడూ నిలబడలేదు.
తప్పకపోతే దోసెడు నూకలు ముందు పోయించి,
ఆ పిండి కుక్కకు పెట్టమని పక్కకు తోసి,
తర్వాతే తన సంచి విప్పేవాడు.
నేను పోసినాను. ఆ దోసిలి నాది.
ఊరి తిండి ఊరి చేతిలో ఉండాలని
ఎవరైనా మైకులో అంటే
ముందు నాకు ఆ నూకలే గుర్తొస్తాయి.

పోయిన బేస్తవారం కంపెనీ మనిషి వచ్చినాడు.
కన్నడలో మునిగి ఇంగ్లీషులో తేలినాడు.
బాడుగ వాళ్ళే కడతారంట, కరెంటూ వాళ్ళదే.
రాగులు లారీలో వస్తాయంట, ఏ ఊరివో అడగక్కర్లేదు.
ఒకటే షరతు: విడి గింజలు పట్టకూడదు.
డబ్బాలతో, సంచులతో, చంకలో బిడ్డతో
ఎవరూ ఈ గడప ఎక్కకూడదు.
పది నిమిషాల్లో ఇంటికే పోతాది పిండి,
కావాలంటే పిళ్ళమ్మ ఇంటికి కూడా,
ఆమె చేని గోడ అవతల నుంచి.

నమూనా ప్యాకెట్టు బల్ల మీద పెట్టి పోయినాడు.
మునిరత్న కూతురు, ఏడో తరగతి,
కూడబలుక్కుని చదివి తెలుగులో చెప్పింది:
"మనిషి చెయ్యి తగలకుండా తయారైనది."
పిళ్ళమ్మ ఇంకోసారి చెప్పించుకుంది.
ఆ పైన నవ్వింది చూడు,
బెల్టు చప్పుడులో కూడా వినబడేటట్టు:
"ఓయబ్బ, మన వెంకటరవణప్ప
ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టినాడ్రా!"

తొట్టిలో ఆమె రాగులు. వెనక
వెంకటరవణప్ప కోడలు, మెడలో ఆఫీసు కార్డు, చేతిలో స్టీలు డబ్బా.
నూకల చేట వైపు నా చెయ్యి పోయింది, అలవాటు.
ఆ పిల్ల చూసింది.
"టైమ్ లేదన్నా, పోసెయ్" అంది.
అంతే. పెద్ద మాటలు వద్దు.
ఆమెకు నిజంగానే ఎనిమిదిన్నర బస్సు అందాల.

కాగితం ఇంకా సొరుగులోనే ఉంది, సంతకం లేకుండా.
ఓనరు ఆదివారం దాకా ఆగుతానన్నాడు.
బాడుగ మూడువేలు పెరిగింది, అదీ అబద్ధం కాదు.

రాత్రి షట్టర్ సగం దించి
రాళ్ళు విప్పి చీపురుకట్టతో దులిపితే
శేరుడు పిండి రాలతాది.
రాగి, జొన్న, మెంతి, రోడ్డు ఇసుక.
ఇరవై రెండేండ్లుగా మా ఇంట్లో సంగటి దాంతోనే.
ఎవరి ఉప్పు తిన్నావని అడిగితే
పేర్లు చెప్పడం మొదలుపెట్టాల,
ముద్ద చల్లారిపోతాది.